తీసినవాడిదా, దిగినవాళ్లదా

పోయిన నెల ఒక సాయంత్రం, దుకాణం కట్టేసే వేళకి ఒకతను వచ్చాడు. చెన్నై చూళైలో మా స్టూడియోకి రెండు వీధుల అవతల ఉంటాడు. వాళ్లమ్మ పోయి అయిదు రోజులయింది. పెద్దకర్మకు ఫొటో పెద్దది చేయించి ఫ్రేము కట్టించాలి. చేతిలో ఏ ఫొటో లేదు. "మీ నాయన ఉన్నప్పుడు అమ్మ ఇక్కడ దిగిందంట గదా అన్నా. అది దొరుకుద్దా?" అన్నాడు.

దొరికింది. నాన్న ప్రతి నెగటివ్‌నీ పల్చటి కవర్లో పెట్టి, మీద తేదీ, నంబరు వేసేవారు. 1997 అని రాసిన అట్టపెట్టెలో పది నిమిషాలు వెతికితే చేతికొచ్చింది. స్కాన్ చేసి కంప్యూటర్లో చూపించాను. అతను కాసేపు చూసి, "ఇంకోటి ఉండాలన్నా. ప్రైజొచ్చిన ఫొటో," అన్నాడు.

ఆ మాట వస్తుందని అనుకోలేదు. ఆ రెండోది తీసింది నేను. నా పెట్టెలో అడుగున ఉంది. ఇరవై ఏళ్లకు పైగా దాన్ని బయటికి తీయలేదు.

రెండూ పక్కపక్కన పెట్టాను. స్టూడియో ఫొటోలో ఆమె కుర్చీలో బిగుసుకుని కూర్చుంది, నవ్వు లేదు. రెండో దాంట్లో పొద్దుటి ఎండలో, చెత్తబండి పిడి మీద చెయ్యి వేసి, పక్కకు ఎవరినో చూసి నవ్వుతోంది. "మొహం దీంట్లోనే బాగుంది. మా అమ్మంటే ఇట్టానే ఉంటది," అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి అడిగాడు. "బండి లేకుండా వస్తుందా అన్నా?"

గీత అటూ ఇటూ జరిపి చూపించాను. ఎక్కడ కత్తిరించినా కుడిచెయ్యి మోచేతి దగ్గర తెగుతోంది. "చెయ్యి పోతుంది తమ్ముడూ," అన్నాను. "ఇంట్లో అడిగి రేపు ఫోన్ చేస్తా," అని వెళ్లిపోయాడు.

ఏది పెట్టుకోమంటారని అతను నన్ను అడగలేదు. అడిగి ఉంటే ఏం చెప్పేవాణ్ణో తెలియక ఆ రాత్రంతా మేలుకునే ఉన్నాను. ఫొటో ఎవరిదన్న ప్రశ్నకు నాకంటూ ఒక జవాబు చాలా ఏళ్లుగా ఉంది. అది ఎంతవరకు నిలబడుతుందో చూసుకోవాలని ఇది రాస్తున్నాను.

1997లో నాకు 22 ఏళ్లు. వారమంతా నాన్న దగ్గర డార్క్‌రూములో పాస్‌పోర్ట్ ఫొటోలు కడగడం, ఆదివారాలు ఒక కెమెరా క్లబ్బుకు వెళ్లడం. క్లబ్బులో పెద్దవాళ్లు నేర్పింది ఒకటే: బతుకంతా వీధిలో ఉంది, వెళ్లి తియ్యండి, అడిగితే మనిషి బిగుసుకుపోతాడు, అడక్కుండా తియ్యండి. నేనూ అలాగే తీశాను. మా వీధి ఊడ్చే అక్క రోజూ ఆరింటికి బండితో వచ్చేది. నెల్లూరు వైపు నుంచి వచ్చిన కుటుంబం. మద్రాసు వీధులు ఊడ్చే పనిలో తరతరాలుగా ఉన్నవాళ్లలో చాలామంది ఆ వైపు నుంచి వచ్చిన తెలుగు దళితులేనని ఇక్కడ పెరిగిన తెలుగువాళ్లకు చెప్పనక్కర్లేదు. నన్ను అబ్బయా అనేది. ఆ తెలుగు వినబడితే మా అమ్మ వాకిట్లోకి వచ్చి నాలుగు మాటలు మాట్లాడేది. అయితే ఆ మాటలన్నీ వాకిట్లోనే. భాష ఒకటే, వాడలు వేరు. ఆ సంగతి అప్పుడు నా బుర్రకెక్కలేదు. మన అక్కే కదా అనుకుని టీ కొట్టు చాటున నిలబడి తీశాను.

ఆ ఫొటోకి క్లబ్బు పోటీలో మొదటి బహుమతి వచ్చింది. నాన్న మురిసిపోయి, పెద్ద ప్రింటు వేసి, స్టూడియో ముందున్న అద్దాల బీరువాలో పెళ్లి ఫొటోల మధ్య పెట్టారు. మర్నాడు పొద్దున అక్క బండి ఆపి దాని ముందు నిలబడి ఉంది. నేను నవ్వుతూ బయటికి వెళ్లాను, సంతోషపడుతుందని. ఆమె నవ్వలేదు.

"నన్ను అడిగుంటే చీర మార్చుకొని వచ్చేదాన్ని గదా అబ్బయా," అంది. కాసేపాగి, "ఊర్లో మావాళ్లకి కార్పొరేషన్‌లో ఉద్యోగమనే చెప్పినాం. పండక్కి వస్తారు. ఈ దోవనే నడిచొస్తారు," అంది.

నాన్న లోపలి నుంచి విన్నారు. ఏమీ అనకుండా ఫొటో తీసేశారు. తర్వాత నాతో, "దిగినవాళ్లకి నచ్చాలిరా ముందు," అన్నారు. ఆదివారం ఆమెను స్టూడియోకి రమ్మన్నారు. ఆ రోజు ఆమె దిగిన ఫొటోనే కొడుకు వెతుక్కుంటూ వచ్చింది.

దిగడం అనే మాట

మనం ఫొటో దిగుతాం. ఇంత మామూలు మాటను నేను చాలా ఆలస్యంగా పట్టించుకున్నాను. తమిళంలో పడం పిడిక్కిరదు అంటారు, అంటే బొమ్మను పట్టుకోవడం. అది కెమెరా ఉన్నవాడి వైపు మాట. తెలుగులోనూ తీసేవాడికి 'తీయడం' ఉంది. కానీ కెమెరా ముందున్నవాళ్లకి కూడా మన భాష ఒక పని ఇచ్చింది. ఏట్లోకి దిగినట్టు, పొలంలోకి దిగినట్టు మనంతట మనం చేసే పని. తల దువ్వుకుని, పిల్లల్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని, ఊపిరి బిగబట్టి దిగుతాం. మా పెళ్లిలో ఫొటో దిగాం అంటాం. మా ఫొటో తీయబడింది అని ఎవరూ అనరు.

నా అభిప్రాయమంతా ఈ మాట దగ్గరే ఉంది. తీసినంత మాత్రాన ఫొటో పూర్తి కాదు. ఎదుటి మనిషి దిగితేనే అది వాళ్ల ఫొటో. దిగకుండా తీసింది తీసినవాడి సొత్తు మాత్రమే, దాంట్లో ఎంత నిజం ఉన్నా సరే.

ఎగ్మూరు మ్యూజియం మా ఇంటి నుంచి నడిచిపోయేంత దూరం. దానికి 1885 నుంచి సూపరింటెండెంటుగా ఉన్న ఎడ్గార్ థర్స్టన్ కొలపరికరాలతో మనుషుల తలలు, ముక్కులు కొలిచాడు. ఫొటోలు తీయించాడు. 1909లో దక్షిణ భారతపు కులాలు, తెగల మీద 7 సంపుటాలు అచ్చయ్యాయి. వాటిలో నిలబడ్డ మనుషులకు పేర్లుండవు, కులం పేరే ఉంటుంది. ఒక్క మనిషిని చూపించి ఇదీ ఆ కులం అనడం. పెద్ద సంస్థల పని కదా అని తోసెయ్యడానికి లేదు. నా బహుమతి ఫొటో కింద నేను పెట్టిన శీర్షికలోనూ అక్క పేరు లేదు, ఆమె చేసే పని ఉంది. తేడా ఏముంది?

ఆమెకు ఉన్న మిగతా ఫొటోలన్నీ కూడా అలాంటివే. రేషను కార్డు, ఓటరు కార్డు, కాంట్రాక్టరు ఇచ్చే గుర్తింపు కార్డు. మొహం నేరుగా, చెవులు కనబడాలి, నవ్వకూడదు. అవి తీసేది ఇప్పటికీ నేనే, నా బతుకుతెరువు అది. వాటిని చిన్నచూపు చూడను. కానీ ఒక మనిషి 60 ఏళ్లు బతికితే, అడిగి కూర్చోబెట్టి తీసిన ఫొటో ఒకే ఒక్కటి ఉండటం నన్ను బాధపెడుతుంది.

2019లో చెన్నై ఫొటో బియెన్నాలే అనే పెద్ద ఫొటో ప్రదర్శనకి సారథ్యం వహించింది బెంగళూరు కళాకారిణి పుష్పమాల ఎన్. ఆవిడ శిల్పిగా మొదలై, తన ఒంటినే బొమ్మగా చేసుకుని ఫొటోల్లోకి వచ్చారు. 2000 నుంచి 2004 వరకు ఫొటోగ్రాఫర్ క్లేర్ ఆర్నీతో కలిసి చేసిన వరుసలో దక్షిణాది ఆడవాళ్ల పాత బొమ్మలన్నిట్లోకీ తనే వేషం కట్టి దిగారు. రవివర్మ లక్ష్మి అయ్యారు, పేపర్లో పడ్డ దొంగ అయ్యారు, థర్స్టన్ కాలం కొలతల ఫొటోలో గళ్ల తెర ముందు నిలబడ్డ గిరిజన స్త్రీ కూడా అయ్యారు. ఆ ఆఖరిది చూస్తే నాకు ఒళ్లు జలదరిస్తుంది. ఏం చేశారావిడ? ఎవరూ అడక్కుండా నిలబెట్టిన చోటుకి, తనంతట తను నడిచివెళ్లి నిలబడ్డారు. ఒక స్త్రీ అంటే ఇదీ అని తేల్చిన ప్రతి బొమ్మనూ తొడుక్కుని విప్పేశారు. గుర్తింపు అంటే తొడిగించేది కూడా అని నాకు అర్థమైంది ఆవిడ వల్లే.

అయితే ఇక్కడే ఒక మాట గొంతులో అడ్డుపడుతుంది. పుష్పమాల గారు ఏ వేషమైనా వేసి విప్పగలరు. మా వీధి అక్క ఆదివారం ఒక్క గంట విప్పింది. సోమవారం ఆరింటికి మళ్లీ అదే బండి.

పళని కుమార్ ఫొటోలు

పళని కుమార్ పేరు మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. మదురై దగ్గర జవహర్‌లాల్‌పురం, తల్లి చేపలమ్మిన మనిషి, ఇంజనీరింగ్ చదివి కెమెరా పట్టాడు. మలం ఎత్తే పని మీద దివ్యభారతి 2017లో తీసిన కక్కూస్ డాక్యుమెంటరీకి ఛాయాగ్రహణం చేశాడు. తర్వాత మురుగు గుంటల్లో దిగి చనిపోయినవాళ్ల కుటుంబాల మధ్యే ఏళ్ల తరబడి తిరిగాడు. ఫొటోగ్రాఫర్ దయానితా సింగ్ పేరున, పల్లె బతుకుల కథలు అచ్చువేసే పారి అనే వెబ్‌సైటు మొదలుపెట్టిన డాక్యుమెంటరీ ఫొటోగ్రఫీ అవార్డు 2022లో తొలిసారి ఇతనికే వచ్చింది. పారి సైటు తెలుగులోనూ ఉంది, వెళ్లి చూడండి.

దిగడం అనే మాట ఇక్కడ వేరే అర్థంతో తగులుతుంది. గుంటలోకి దిగడం. 1993లో ఒక చట్టం, 2013లో ఇంకో చట్టం, మనిషిని ఆ పనికి పెట్టకూడదని. 2014లో సుప్రీంకోర్టు చనిపోయినవాళ్ల కుటుంబానికి 10 లక్షలు ఇవ్వాలంది, 2023లో దాన్ని 30 లక్షలు చేసింది. పరిహారం పెరుగుతూ వచ్చింది, దిగడం ఆగలేదు. మా పిల్లలకి బెజవాడ విల్సన్ గారి గురించి చెప్పేటప్పుడు ఆయనది కూడా మన భాషేనని చెబుతాను. కోలారు బంగారు గనుల దగ్గర, ఇదే పని చేసే తెలుగు కుటుంబంలో పుట్టి, ఈ పని ఆపాలని 1986లో అధికారులకు ఉత్తరాలు రాయడంతో మొదలుపెట్టి, 2016లో మెగసెసే పురస్కారం అందుకున్నారు. చాలా రాష్ట్రాలు మా దగ్గర ఇలాంటి పనే లేదని కోర్టుకు చెబుతూ వచ్చాయి. లేదు అనేవాడి ముందు ఉందని చూపించాలంటే ఫొటో కావాలి.

నా అభిప్రాయానికి పెద్ద దెబ్బ ఇక్కడే తగిలింది. అందరూ మంచి చీర కట్టుకుని, చేతులు కొంగులో దాచుకుని దిగితే, ఆ చేతులకేమైందో ఎవరికి తెలుస్తుంది? నాన్న తీసిన ఫొటోలో అక్క కుడిచెయ్యి కనబడదు. గోళ్లు పగిలి, బొటనవేలి పక్కన మానని పుండు. నాన్న దీపాలు సర్దుతుంటే ఆమె ఆ చేతిని కొంగు కిందికి జరుపుకుంది. నేను చూశాను. నేను తీసి ఉంటే ఆ చెయ్యే తీసేవాణ్ణి. అది నిజమే కదా, లోకం చూడాలి కదా. ఆమెకు తెలుసు అది నిజమని. రోజూ చూసుకునే చెయ్యి అది. ఆ ఒక్క రోజు వద్దనుకుంది.

భోపాల్ సంగతి చెప్పండి అని ఒక మిత్రుడు అడిగాడు. 1984 డిసెంబరులో మట్టిలో పూడ్చబోతున్న ఆ పసిబిడ్డ మొహాన్ని రఘు రాయ్, పాబ్లో బార్తొలొమ్యూ ఇద్దరూ తీశారు. ఆ బిడ్డ దిగలేదు. ఎవరి బిడ్డో ఇప్పటికీ తెలియదు. ఆ ఫొటో లేకపోతే భోపాల్ మన కళ్లముందు ఇలా నిలిచేదా? నిలిచేది కాదు. దీనికి నా దగ్గర జవాబు లేదు. తియ్యాల్సిందేనని ఒప్పుకుంటాను. కానీ ఒకటి: అలాంటి ఫొటో తీసినవాడి మీద అప్పుగా మిగులుతుంది. అప్పు అనుకున్నవాడు మళ్లీ మళ్లీ అదే వాడకి వెళతాడు, బహుమతి అనుకున్నవాడు ఇంకో వీధికి వెళతాడు. నేను ఇంకో వీధికి వెళ్లాను.

పళని కుమార్ పనిలో నాకు నచ్చింది ఈ మళ్లీ వెళ్లడమే. చావుల దగ్గర తీసి ఊరుకోలేదు, ఉత్తర చెన్నై పిల్లలకు కెమెరా నేర్పాడు. ఆ పిల్లలు తమ అమ్మానాన్నల పనిని తామే తీశారు. మత్స్యకారుల ఇళ్లు, పారిశుద్ధ్య కార్మికుల ఇళ్లు. ఇంట్లో పిల్లే కెమెరా పడితే అమ్మ చెయ్యి దాచుకుంటుందా? దాచుకోదేమో. దాచుకుంటే, ఎందుకు దాచుకుందో ఆ పిల్లకు తెలుస్తుంది.

మనవాళ్లే తీస్తే అంతా సరిపోతుందని మాత్రం నేను అనను. చేపలమ్మిన తల్లి కొడుకనో, అదే భాష మాట్లాడతాడనో ఎవరికీ ఊరికే హక్కు వచ్చేయదు. అక్కని నేను అక్కా అనే పిలిచాను, చాటు నుంచే తీశాను.

ఇచ్చెయ్యగలగడం

దయానితా సింగ్ మోనా అహ్మద్‌ని మొదటిసారి కలిసింది 1989లో, ఢిల్లీలో, ఒక లండన్ పత్రిక కోసం. మోనా హిజ్రా. ఫొటోలు దిగింది, టీ ఇచ్చింది. అవి లండన్లో అచ్చవుతాయని తెలిశాక ఫిల్మ్ ఇచ్చెయ్యమంది, అక్కడ తన బంధువులున్నారని. దయానిత రీలు తీసి చేతిలో పెట్టేసింది. తర్వాత వాళ్ల స్నేహం మోనా పోయేదాకా సాగింది. 2001లో పుస్తకం వచ్చింది, దాంట్లో మాటలు మోనావే, ఆమె చెప్పి పంపిన ఈమెయిళ్లు.

ఫొటోగ్రాఫర్ స్వేచ్ఛ గురించి చాలా వింటాం. నా కెమెరా, నా కన్ను, నా ఇష్టం. ఆ స్వేచ్ఛను తక్కువ చేయను, దానికోసం దెబ్బలు తిన్నవాళ్లున్నారు. కానీ నన్నడిగితే ఒక ఫొటోగ్రాఫర్ జీవితంలో అన్నిటికన్నా స్వేచ్ఛగా చేసిన పని ఆ రీలు తిరిగివ్వడమే. లండన్లో ఎడిటరు ఎదురుచూస్తున్నాడు, డబ్బు రావాలి, పేరు రావాలి. అయినా ఇచ్చేసింది. ఆ పని నాన్న కూడా చేశారు, అద్దాల బీరువా తెరిచి.

అలాగని అక్క ఎప్పుడూ బండితో దిగడానికి ఒప్పుకోలేదు కాబట్టి అది సిగ్గుపడాల్సిన విషయమని ఎవరూ అనుకోకండి. 2025 ఆగస్టులో, చెత్త పనిని ప్రైవేటుకి ఇవ్వొద్దని చెన్నై కార్పొరేషన్ ఆఫీసు రిప్పన్ బిల్డింగ్ ముందు కార్మికులు 13 రోజులు కూర్చున్నారు. రాత్రీ పగలూ పేవ్‌మెంటు మీదే. నేను రెండుసార్లు వెళ్లాను. కెమెరా సంచిలోంచి తీయడానికి జంకుతూ నిలబడ్డాను. నాలుగో వరుసలో ఒకామె నన్ను తెలుగులోనే పిలిచింది. "ఏంది అన్నా చూస్తా ఉండావు, తియ్యి. మొహం కనబడాల, చీటీ గూడా కనబడాల." ఆమె చేతిలో అట్టముక్క మీద రాసిన డిమాండ్లు. పక్కనున్న వాళ్లను దగ్గరికి లాక్కుంది. పనిలో వేసుకునే కోటుతోనే, జుట్టు సర్దుకుని, పదిమంది దిగారు. ఇరవై ఎనిమిదేళ్ల కింద నేను చాటుగా తీసింది, ఇక్కడ వాళ్లే పిలిచి ఇచ్చారు. తేడా చీరలో లేదు, ఎందుకు తీస్తున్నానో వాళ్లు తేల్చారు. ప్రింట్లు వేసి మూడో రోజు పట్టుకెళ్లేసరికి పోలీసులు అందర్నీ అక్కణ్ణుంచి పంపించేశారు. వాళ్ల వాడ వెతుక్కుంటూ వెళ్లి ఇచ్చి రావడానికి రెండు వారాలు పట్టింది. రెండు ప్రింట్లు ఇంకా నా దగ్గరే ఉన్నాయి.

అక్క కొడుకు మర్నాడు ఫోన్ చేయలేదు, మనిషే వచ్చాడు, చెల్లెల్ని వెంటబెట్టుకుని. చెల్లెలు సూళ్లూరుపేటలో కాపురం. ఆమె కంప్యూటర్ ముందు కూర్చుని రెండు ఫొటోలూ చాలాసేపు చూసింది. బండి ఫొటో మీద వేలు పెట్టి, "అన్నా, నాకు ఇదే ఇష్టం. కానీ కర్మకి మా అత్తోళ్లంతా వస్తారు," అంది. వాళ్లన్నయ్య ఏమీ అనలేదు. నేనూ అనలేదు. కాసేపటికి ఆమే అడిగింది: "మొహం దీంట్లోది పెట్టి, చీర, కుర్చీ దాంట్లోవి పెట్టొచ్చా?"

ఒకప్పుడైతే కాదనేవాణ్ణి. ఒక క్షణాన్ని ఇంకో క్షణానికి అతకడం అబద్ధం కాదా అని వాదించేవాణ్ణి. నాన్న నెగటివ్ మీద పెన్సిల్‌తో మచ్చలు చెరిపేటప్పుడు కూడా వాదించేవాణ్ణి. ఈసారి చీర ఏ రంగని అడిగాను. చిలకపచ్చ, ఎర్ర అంచు అని చెల్లెలు చెప్పింది. అన్నయ్యకు గుర్తులేదు. రంగు కూడా వెయ్యమన్నారు.

వాళ్లు వెళ్లాక కూర్చున్నాను. స్టూడియోలో దీపం కుడివైపు, వీధిలో ఎండ ఎడమవైపు నుంచి. మొహం అతికిస్తే నీడలు రెండు వైపులా పడ్డాయి. తిప్పితే తప్ప కుదరలేదు. తిప్పాక నీడలు కుదిరాయి, నవ్వు కుదిరింది, కుడి ముక్కుకి ఉండాల్సిన పుడక ఎడమకి వెళ్లింది. దాన్ని తీసి మళ్లీ కుడివైపు పెట్టి, కింద నీడ సరిచేసేసరికి రాత్రి పదకొండు దాటింది.